ప్రమోషనులో పంక్తిభేదము

(బళ్ళారి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము ముగిసినది. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరము చెవులొగ్గి విన్నాము. వ్రేళ్ళ మీద లెక్కపెట్టుకొన్నవారిని కూడ చూచినాము. ఉద్యోగస్థునికి ఈ రాజపూజ్య అవమానములకు పెద్ద అర్థమేమియు లేదు. తనకు రావలసిన ప్రమోషను తనకు వచ్చినదా, తన వెనుకవానికి వచ్చినదా అనునదే. పచ్చడి చేదు ఇంకను నాలుక మీద ఉండగానే ఈ చేదు విషయమును గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు మమ్ము నియోగించినారు.

మనవారిలో సేద్యము, వ్యాపారము చేయువారు ఉన్నారు. కాని నెల జీతము మీద నడచు ఇండ్లు చాల ఉన్నవి. రెవిన్యూ కచేరీ, రైల్వే, బడి, బ్యాంకు, గనులు, ఎక్కడ చూచినను ఒకటే కథ వినవచ్చును: "మా కంటె నాలుగేండ్లు వెనుక చేరినవాడు మాకే ఆఫీసరై కూర్చున్నాడు." దాని వెంటనే రెండవ మాట: "మనము తెలుగువాళ్ళము గదా, అందుకే త్రొక్కివేసినారు." ఈ రెండవ మాటను గురించి తరువాత చెప్పెదము. ముందు చట్టము మనకు ఏమి ఇచ్చినదో, ఏమి ఇయ్యలేదో చూతము.

పెండ్లి పంక్తిలో కూర్చున్నవానికి, నాకు నాలుగు బూరెలు వేసి తీరవలెనని అడుగు హక్కు లేదు. కాని వడ్డించువాడు అతని విస్తరిని దాటిపోయి అవతలి విస్తరిలో వేసినచో దానిని పంక్తిభేదమందుము. చూచినవారందరు తప్పు పట్టుదురు. ప్రమోషనును గురించి మన సుప్రీంకోర్టు చెప్పుచు వచ్చినది రమారమి ఇదియే. రాజ్యాంగములోని 16వ అధికరణము సర్కారు కొలువులలో అందరికి సమానావకాశమని చెప్పినది. ఆ అవకాశము ఉద్యోగములో చేరిన దినముతో ముగియదు, పై మెట్టు వరకు వెంట వచ్చును. అయితే హక్కు ప్రమోషనుకు కాదు. వాడు ఆ పనికి తగునా తగడా అని వాని పేరును కూడ అందరితో బాటు తీసి విచారించవలెను. ఆ విచారణకే హక్కు.

దీనికి మన రాష్ట్రపు వ్యాజ్యమే ఒకటి ఉన్నది. పూర్వపు మైసూరు ప్రభుత్వము 1959లో గణాంక శాఖలోని జూనియరు అసిస్టెంట్లలో కొందరికి సీనియరు అసిస్టెంట్లుగా ప్రమోషను ఇచ్చినది. నియమము ప్రకారము సీనియారిటీని, దానితో బాటు ఆ పనికి తగుదురా అనుదానిని చూడవలెను. ఇద్దరి విషయములో ఆ విచారణ సక్రమముగా జరుగలేదు. వారు హైకోర్టుకు పోయినారు. వీరికి వెనుకటి తేదీ నుండి ప్రమోషను ఇయ్యవలసినదని హైకోర్టు ఆజ్ఞాపించినది. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు ఎక్కినది. 1968లో ఆ కోర్టు ఏమన్నదనగా, ప్రమోషను ఇమ్మనుట కోర్టు పని కాదు; ఆనాటి తేదీకి వీరి సీనియారిటీని, యోగ్యతను మరల విచారించుమని మాత్రమే చెప్పవలసినది. ఇది గెలుపా, ఓటమియా? రెండును. తొమ్మిదేండ్లు గడచిన పిమ్మట వారికి చేతికి వచ్చినది ప్రమోషను కాదు, తమ పేరును చూడుమని ప్రభుత్వమును అడుగు పత్రము. ఇంతేనా అని నిట్టూర్చువారు ఉందురు. కాని ఆ పత్రము లేనినాడు ఆ మాట అడుగుటకే దిక్కు లేదు.

ఇక జాబితా సంగతి. ప్రమోషను తగవులలో పెద్దవి అన్నియు సీనియారిటీ జాబితాలోనే పుట్టును. ఈ బళ్ళారిలో దానిని వేరుగ వివరింపనక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి. మిగిలిన జిల్లా మైసూరులో కలిసినది. నిన్నటి వరకు మదరాసు సర్కారు గుమాస్తా తెల్లవారేసరికి మైసూరు సర్కారు గుమాస్తా అయినాడు. మూడేండ్లు తిరిగిన తోడనే 1956లో బొంబాయి, హైదరాబాదు, మదరాసు రాష్ట్రముల కన్నడ ప్రాంతములును, కొడగును వచ్చి చేరినవి. ఒక్కొక్క చోట ఒక్కొక్క జీతము, ఒక్కొక్క హోదా, ఒక్కొక్క పరీక్ష. వీరందరిని ఒకే త్రాట కట్టి ఎవరు ముందు, ఎవరు వెనుక అని వ్రాయుట ఎంత పనియో ఊహించుకొనుడు. అత్తవారి ఇంట నలుగురు కోడండ్రు ఒకే దినమున కాపురమునకు వచ్చినట్లున్నది.

1956 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము, 115వ సెక్షనులో, కేంద్ర ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేకుండ ఇట్టి ఉద్యోగుల సర్వీసు షరతులను వారికి నష్టము కలుగునట్లు మార్చరాదని అభయమిచ్చినది. అందరు ఊరట చెందినారు. తీరా కోర్టులకు పోగా, ప్రమోషను వచ్చు అవకాశము సర్వీసు షరతు కాదని తేలినది. జీతము తగ్గించినచో షరతు మారినట్లు. పైకి పోవు దారి ఇరుకైనచో షరతు మారనట్లు! 1974లో ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగు శాఖలో పూర్వపు హైదరాబాదు నుండి వచ్చిన డిగ్రీ లేని సూపర్వైజర్లు ఈ మెట్టు మీదనే జారినారు. కోర్టువారి తర్కము మాకు తెలియును. పరిపాలనకు కొంత వెసులుబాటు ఉండవలెను. అయినను, ముప్పది ఏండ్లు నౌకరీ చేయువానికి ఆ అవకాశము తప్ప వేరే ఆశ ఏమున్నదని మేము అడుగుచున్నాము. ఆ మాటను మేము ఎన్నడును మనస్ఫూర్తిగా ఒప్పుకొనలేకపోయినాము.

అదే కాలములో మరాఠ్వాడా నుండి బొంబాయి రాష్ట్రములో కలిసిన హైదరాబాదు తహసీల్దార్లు వేరు దారిని పోయి నెగ్గినారు. వారికి డిప్యూటీ కలెక్టరు పదవి రాష్ట్రమంతటికి ఒకటే వర్గము; కాని ప్రమోషను మాత్రము డివిజనుల వారీగా ఇచ్చుచుండిరి. అందుచేత ఒక డివిజనులో జూనియరు ముందు పోవును, మరొక డివిజనులో సీనియరు వెనుకబడును. వారు షరతు మారినదని మాత్రమే వాదించి ఊరకుండక, అందరము ఒకే పంక్తివారమైనప్పుడు ఈ భేదమెందుకని అడిగినారు. 1973లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి సమానత్వమునకు విరుద్ధమన్నది. ఒకే కష్టము, రెండు వాదములు. ఒకటి నిలువలేదు, ఒకటి నిలిచినది. కోర్టుకు పోవువారు ఈ తేడాను బాగుగ గమనించవలెను.

సీనియారిటీని లెక్కించుట కూడ సుళువు కాదు. నేరుగా చేరినవారికి, క్రింది నుండి ఎదిగినవారికి నడుమ జరిగిన పోరు దేశమంతట ఉన్నది. మహారాష్ట్ర, గుజరాతు ఇంజనీర్ల వ్యాజ్యములో 1977లో సుప్రీంకోర్టు, ఉద్యోగము ఖాయమైన తేదీని బట్టి సీనియారిటీ కట్టు నియమమును కొట్టివేసినది. ఖాయము చేయుట పై అధికారి తీరికను బట్టి జరుగును గాని, పని చేసినవాని సామర్థ్యమును బట్టి కాదని కోర్టువారు గ్రహించినారు. ఏండ్ల తరబడి సక్రమముగా ఆ కుర్చీలో పని చేసినవాని సర్వీసు లెక్కకు రావలెను గదా. 1990లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సూత్రమును స్థిరపరచినది. తాత్కాలికముగా, నియమములను ప్రక్కనబెట్టి కూర్చుండబెట్టినవారికి మాత్రము అది వర్తింపదన్నది.

సీనియారిటీ ముఖ్యమా, మెరిటు ముఖ్యమా అని అడుగుదురు. అది ఆ పోస్టు నియమములో వ్రాసి ఉండును. సీనియారిటీ-కమ్-మెరిట్ అని ఉన్నచో, ఆ పనికి కావలసిన కనీస యోగ్యత ఉన్నవారిలో పెద్దవానిదే ముందు వంతు. చిన్నవాడు అతని కంటె చురుకైనవాడైనను ఆగవలసినదే. గ్రామీణ బ్యాంకుల ఉద్యోగుల వ్యాజ్యములో 1998లో ఇది తేటతెల్లమైనది. మెరిట్-కమ్-సీనియారిటీ అని ఉన్నచో కథ తిరగబడును: మెరిటు ముందు, సమానులైన చోటనే సీనియారిటీ. మాటలు అవే, క్రమము మారినది. ఉప్పులో పప్పు వేసినట్లా, పప్పులో ఉప్పు వేసినట్లా అని చూచుకొనవలెను.

విచారించువారు ఎవరు? ఇది ఇంకను రసవత్తరమైన ఘట్టము. 1966లో భారత అటవీ సర్వీసు ఏర్పడినప్పుడు జమ్మూ కాశ్మీరు అటవీ అధికారులలో నుండి కొందరిని ఏరవలసి వచ్చినది. ఏరు సంఘములో ఆ రాష్ట్రపు తాత్కాలిక చీఫ్ కన్సర్వేటరు ఒక సభ్యుడు. ఆయనయే ఒక అభ్యర్థి! తన పేరు వచ్చినప్పుడు లేచి బయటికి పోయినాడు, సరియే. కాని తన పోటీదార్ల పేర్లు వచ్చినప్పుడు కూర్చుండియే ఉన్నాడు. జాబితా వెలువడగా ఆయన పేరు అన్నిటికంటె పైన ఉన్నది. పోటీదార్ల పేర్లు లేవు. ఆ పిమ్మట యూనియన్ పబ్లిక్ సర్వీసు కమీషను కూడ ఆ జాబితాను చూచినది గనుక దోషము పోయినదని ప్రభుత్వము వాదించినది. 1969లో సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు, ఎంపికనే రద్దు చేసినది. ఆయన పక్షపాతము చూపినాడని ఋజువు చేయనక్కరలేదు. అట్టి స్థితిలో ఉన్న మనిషికి పక్షపాతము కలుగుట సహజమైనచో చాలునన్నది. తన బిడ్డ ఆడుచున్న ఆటకు తండ్రి తీర్పరి కారాదని పల్లెలో పిల్లలకు కూడ తెలియును. ఆఫీసులలో దీనిని అయిదుగురు న్యాయమూర్తులు కూర్చుండి చెప్పవలసి వచ్చినది.

అయితే ఎక్కువమంది తలరాతను వ్రాయునది సంఘము కాదు, కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. సంవత్సరమునకొకసారి పై అధికారి తలుపు మూసుకొని నాలుగు మాటలు వ్రాసి సీలు వేయును. చెడ్డగ వ్రాసినచో తెలియజేయవలెనను నియమము మొదటి నుండి ఉన్నది. మంచిగనే వ్రాసినాడు, కాని చాలినంత మంచిగ వ్రాయలేదు, అప్పుడేమి? సరిహద్దు రోడ్ల సంస్థలోని ఒక ఇంజనీరుకు ఇదియే జరిగినది. పై పదవికి అయిదేండ్ల రిపోర్టులలోను 'వెరీ గుడ్' ఉండవలెను. ఆయనకు ఒక్క 1993-94 సంవత్సరములో 'గుడ్' అని వ్రాసినారు. గుడ్ అనగా మంచిదే గదా అని ఎవ్వరును ఆయనకు చెప్పలేదు. ఆ మంచి మాటయే ఆయనను ముంచినది. 2008లో సుప్రీంకోర్టు, రిపోర్టులో ఏ మాట వ్రాసినను, అది మంచి కానీ చెడు కానీ, ఉద్యోగికి తెలియజేయవలెను, దానిపై మొర పెట్టుకొను వీలు ఇయ్యవలెనని తీర్పు చెప్పినది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము అదే సరియని స్థిరపరచినది. ఇన్ని ఏండ్లుగా చీకటి గదిలో ఉన్న ఆ కాగితమునకు వెలుతురు వచ్చిన తీర్పది. కాని ఆ ఇంజనీరు అప్పటికే రిటైరైనాడు. మొర ఫలించినను ఆయనకు దక్కవలసినది పాత బాకీలు, పెరిగిన పింఛను. ఆ కుర్చీ కాదు.

ఇచ్చట మా మనవి ఒకటి. ప్రతి సంవత్సరము మీ రిపోర్టును అడిగి చూచుకొనుడు. 'గుడ్' అని ఉన్నదని సంతోషించి ఊరకుండక, మీ పై పోస్టుకు ఏ మాట కావలెనో కనుగొనుడు.

సోదరీమణులకు ప్రత్యేకముగ ఒక సంగతి. మన పొరుగున కొడగు సీమలో విరాజపేటలో పుట్టి, మదరాసులో చదివి, 1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన సి.బి.ముత్తమ్మగారు ఆ సర్వీసులో పరీక్ష నెగ్గి చేరిన తొలి మహిళ. స్త్రీ వివాహము చేసుకొనుటకు ప్రభుత్వ అనుమతి పొందవలెనను నియమము ఆ సర్వీసులో ఉండెడిది. పై గ్రేడు ప్రమోషను తనకు నిరాకరించినారని ఆమె సుప్రీంకోర్టుకు పోయినారు. 1979లో కేసు వినుసరికి ప్రభుత్వము చల్లగా ప్రమోషను ఇచ్చివేసినది, అనుమతి నియమమును తీసివేసినది. కేసు కొట్టివేసినను, జస్టిస్ కృష్ణయ్యరుగారు ఆ నియమములను తూర్పారబట్టి, మధ్యలో ముందు పోయిన జూనియర్లతో పోల్చి ఆమె సీనియారిటీని మరల చూడుమన్నారు. 2021లో సైన్యములోని మహిళా ఆఫీసర్ల వ్యాజ్యములో మరొక సూక్ష్మము బయటపడినది. అది ప్రమోషను గాక శాశ్వత కమీషను తగవు. అయినను మనకు పనికివచ్చును. వీరికెట్లును శాశ్వత కమీషను రాదు గదా అను భావముతో వారి రిపోర్టులను ఏదో మొక్కుబడిగా వ్రాసినారు. కాలము మారి వారిని విచారించవలసి వచ్చినప్పుడు ఆ మొక్కుబడి రిపోర్టులనే త్రాసులో పెట్టినారు. అందరికి ఒకే త్రాసు అని చెప్పుకొనుటకు వీలున్నది. కాని రాళ్ళే తప్పుడువి. సుప్రీంకోర్టు దానిని వివక్ష అన్నది.

సీల్డు కవరును గురించి భయపడువారున్నారు. ఎవడో ఆకాశరామన్న అర్జీ వేసినాడని, ప్రాథమిక విచారణ జరుగుచున్నదని ప్రమోషనును కవరులో పెట్టరాదు. ఛార్జి మెమో గాని, కోర్టులో ఛార్జిషీటు గాని ఇచ్చిన తరువాతనే ఆ కవరు అని 1991లో తీర్పు వచ్చినది.

రిజర్వేషనుల సంగతి వేరే సభకు చాలును. 1961లో దక్షిణ రైల్వే వ్యాజ్యముతో ప్రమోషనులలో రిజర్వేషను చెల్లునన్నారు; 1992లో చెల్లదన్నారు; 1995లో రాజ్యాంగమునే సవరించి షెడ్యూల్డు కులములకు, తెగలకు మరల కల్పించినారు. మన కర్ణాటకలో 2002 నాటి చట్టము 2017లో పోయినది, 2018 నాటి చట్టము 2019లో నిలిచినది. తరతరములు పంక్తిలోనే కూర్చుండనీయని వారికి చేసిన ఏర్పాటు అది; దానిని మన స్వంత అలుకలతో కలిపి మాటలాడరాదని మాత్రము చెప్పి ముందుకు పోవుచున్నాము.

ఇక ఆ రెండవ మాట. తెలుగువారము గనుక త్రొక్కినారా? ఒక్కొక్క చోట నిజము కావచ్చును. కాని 16వ అధికరణము రెండవ ఖండమును చదివి చూడుడు. మతము, జాతి, కులము, లింగము, వంశము, పుట్టిన చోటు, నివాసము. ఇవి లెక్కపెట్టి వీటిని బట్టి భేదము చూపరాదన్నారు. భాష అను మాట అందులో లేదు. మనవంటి వారికి ఇది చిన్న లోపము కాదు. మరొకవంక, 2012లో చేసిన సవరణతో వచ్చిన 371జె అధికరణము మన బళ్ళారి కూడ చేరిన హైదరాబాదు-కర్ణాటక ప్రాంతమునకు వర్తించును. అందులో ఉద్యోగములు, ప్రమోషనులతో సహా, పుట్టుక చేత గాని స్థిరనివాసము చేత గాని ఈ ప్రాంతమువారైన వారికని ఉన్నది. ఇంట ఏ భాష మాటలాడుదురని అడుగలేదు. తాతల నాడు వచ్చి ఇచ్చటనే పుట్టి పెరిగిన మనము ఆ పంక్తివారమే.

దురుద్దేశమును ఋజువు చేయుట బహు కష్టము. 1973లో తమిళనాడు ప్రధాన కార్యదర్శిగ ఉండిన ఒక పెద్ద అధికారి ముఖ్యమంత్రి కక్ష కట్టి తన్ను వేరే పోస్టుకు మార్చినాడని సుప్రీంకోర్టులో చెప్పి నెగ్గలేకపోయినాడు. ఆ బరువు మోపువాని మీదనే ఉండునని, తేలికగా దించుకొన వీలు లేదని కోర్టువారన్నారు. అంతటివానికే లేని ఋజువు గుమాస్తాకు ఎచ్చట దొరకును? కాని ఆ తీర్పులోనే, ఇష్టము వచ్చినట్లు చేయు పనియే సమానత్వమునకు శత్రువనియు ఉన్నది. కనుక వడ్డించువాడు మన విస్తరిని ఎందుకు దాటినాడు అని వాని మనస్సును త్రవ్వుటలో వయసు గడుపక, దాటినాడని కాగితము మీద చూపుట మేలు. జాబితా, నియమము, రిపోర్టు. ఈ మూడింటిలో ఎక్కడ దాటినాడో చూపగలిగినచో, ఎందుకు అను ప్రశ్నకు జవాబు వాడే చెప్పుకొనవలెను.

అన్నిటికంటె మనవారిని ఓడించుచున్నది ఆలస్యము. మన సభ్యులలో ఒకరు, పేరు చెప్పము, కూతురి పెండ్లికి సెలవులో ఉండగా ముసాయిదా జాబితా నోటీసు బోర్డు మీద అంటించినారు. తిరిగి వచ్చి చూడలేదు. అభ్యంతరముల గడువు పోయినది. ఆరేండ్ల తరువాత జూనియరు సూపరింటెండెంటు అయినప్పుడు కండ్లు తెరచినారు. తమిళనాడులో ఒక ఉద్యోగి 1957లో తన్ను దాటిపోయిన ఉత్తర్వు మీద 1971లో కోర్టుకు వచ్చినాడు. ఆరు నెలలు, మహా అయితే సంవత్సరము లోపల రావలసినదని సుప్రీంకోర్టు పంపివేసినది. మరాఠ్వాడా తహసీల్దార్లు పదేండ్లు దాటి వచ్చినను కోర్టు విన్నమాట నిజమే. అప్పటికి ఆ ప్రమోషనులన్నియు తాత్కాలికములుగనే ఉన్నవి, ఎవరి కుర్చీయు స్థిరపడలేదు. అట్టి అదృష్టమును నమ్ముకొని కూర్చుండరాదు.

1985 నాటి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునళ్ళ చట్టము ప్రకారము ఉత్తర్వు వచ్చిన సంవత్సరము లోపల పోవలెను. అర్జీ పెట్టి ఆరు నెలలు జవాబు రానిచో, ఆపై సంవత్సరము లోపల. అర్జీ మీద అర్జీ పెట్టినంత మాత్రమున గడువు పెరుగదు. కేంద్రోద్యోగులకు, రైల్వేవారికి బెంగుళూరులోని కేంద్ర ట్రిబ్యునలు. రాష్ట్రోద్యోగులకు రాష్ట్ర ట్రిబ్యునలు. అక్కడ న్యాయము జరుగలేదనుకొన్నవారు, 1997 నాటి తీర్పు చలువ వలన, హైకోర్టుకు పోవచ్చును. 2013 నుండి ధారవాడలో శాశ్వత పీఠమున్నది గనుక మన జిల్లావారికి బెంగుళూరు ప్రయాణము తప్పినది.

కంపెనీలలో పని చేయు మన పిల్లలకు 16వ అధికరణము అక్కరకు రాదు. అక్కడ ప్రమోషను యాజమాన్యపు పని అని కోర్టులు మొదటి నుండి చెప్పుచున్నవి. అయినను పూర్తిగ విడిచిపెట్టలేదు. యూనియనులో తిరుగుచున్నాడని కార్మికునికి ప్రమోషను నిరాకరించుట, కార్మికులలో చిచ్చు పెట్టుటకు అనర్హులకు ప్రమోషనులిచ్చుట, ఇవి అన్యాయపు పద్ధతులని 1982లో పారిశ్రామిక వివాదముల చట్టమునకు చేసిన సవరణలో చేర్చినారు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడులోను అవి ఉన్నవి. మహారాష్ట్రలోని మనవారికి 1971 నాటి ఇట్టి రాష్ట్ర చట్టము వేరుగ ఉన్నది. కాని ఇవన్నియు కార్మికులకే. నిజముగ మేనేజరు పని చేయువానికి వర్తింపవు. అట్టివారు చేరునాడు సంతకము చేసిన నియామక పత్రమును, కంపెనీ వ్రాసిపెట్టుకొన్న ప్రమోషను నియమములను ఒక నకలు తీసి ఇంట భద్రపరచుకొందురు గాక.

తరువాత పిల్లల నాటకమున్నదని కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. ఎవరి జాబితాను గురించియైనను, రిపోర్టును గురించియైనను ప్రశ్నలున్నచో భోజనముల వేళ మమ్ము అడుగవచ్చును. కాగితములు వెంట తెచ్చుకొన్నచో మరియు మంచిది.